ప్రతినాయిక చేతిలో మందు

శాస్త్రజ్ఞుని గురించి సామాన్యుల మనస్సులో ఉండే బొమ్మను పాఠ్యపుస్తకాలకంటె కథలు, నాటకాలు, సినిమాలే ఎక్కువగా గీస్తాయి. నేడు ఆ పనిలో వీడియో ఆటలు కూడ పాలు పంచుకొంటున్నవి. మన ఉన్నత పాఠశాలల పిల్లలలో చాలమంది వీటిని ఎరుగుదురు. ఉపాధ్యాయులు తరచుగా ఎరుగరు. ఎరుగని వస్తువును గురించి "పిల్లలు చెడిపోతున్నారు" అని ఒక్క మాట అని ఊరకుండడం సులభమే. కాని నాటకంలోని పాత్రను విమర్శించినట్లే ఆటలోని పాత్రను కూడ విమర్శించవచ్చును. దాని నిర్మాణంలో ఏది సరిగా ఉన్నది, ఏది లోపించినది అని విచారించవచ్చును. ఈ వ్యాసంలో అటువంటి పాత్రను ఒకదానిని తీసుకొంటున్నాము. ఆమె పేరు మోయిరా. వృత్తి జన్యుశాస్త్ర పరిశోధన. కథలో ఆమె ప్రతినాయిక. జట్టులో ఆమె పని మాత్రం వైద్యం.

ఆట స్వరూపం

ఆమె ఉన్న ఆట పేరు ఓవర్‌వాచ్. అమెరికాలోని బ్లిజర్డ్ సంస్థ దానిని 2016 మే 24న విడుదల చేసినది. ఇది రెండు జట్లు తలపడే కాల్పుల ఆట. మొదట జట్టుకు ఆరుగురు ఉండేవారు. 2022 అక్టోబరులో ఓవర్‌వాచ్ 2 అనే రెండవ రూపం వచ్చినప్పుడు ఐదుగురు అయినారు. ఆటగాళ్ళు తలా ఒక చోట కూర్చుండి, ఇంటర్నెట్ ద్వారా కలసి ఆడుతారు. ఒక స్థలాన్ని పట్టి నిలుపుకోవడమో, ఒక బండిని గమ్యం చేర్చడమో జట్టు లక్ష్యంగా ఉంటుంది. పాత్రలు మూడు తరగతులు: ముందు నిలిచి దెబ్బలు కాచుకొనేవి, శత్రువును కొట్టేవి, తనవారి గాయాలు మాన్పేవి. చచ్చిన పాత్ర కొన్ని సెకన్లలో తిరిగి లేచి రంగంలోకి వస్తుంది. ఈ చివరి సంగతిని పాఠకులు గుర్తుంచుకోవలెను; ముందు దీనితో మనకు పని ఉన్నది.

మోయిరాను 2017 నవంబరు 3న ప్రకటించి, అదే నెల 16న ఆటలో ప్రవేశపెట్టినారు. ఆమె 26వ పాత్ర. ఆటలో ఎన్నుకొని ఆడగల ప్రతి పాత్రనూ, మంచివారైనా చెడ్డవారైనా, "హీరో" అనే పేరుతోనే పిలుస్తారు. ఈ చిన్న మాటలోనే రచయితల ఇబ్బంది అంతా ఉన్నది.

జట్టులో ఖలపాత్ర

మన పౌరాణిక రంగస్థలానికి ప్రతినాయకుని గౌరవించడం కొత్త కాదు. 1961లో వచ్చిన "సీతారామ కల్యాణం" చిత్రాన్ని నందమూరి తారకరామారావుగారు తామే దర్శకత్వం వహించి, రావణుని పాత్రను తామే ధరించినారు. కాని అక్కడ రావణుడు ఏమి చేయవలెనో కథ ముందే నిర్ణయించి ఉన్నది. ప్రేక్షకుడు చూస్తాడు, మెచ్చుకొంటాడు, చివరకు రాముని పక్షాన లేచి ఇంటికి పోతాడు.

కాల్పుల ఆటలో ఈ ఏర్పాటు చెల్లదు. మొదటి కారణం, ప్రతినాయిక వీరుల పక్కనే నిలిచి, అదే గెలుపుకోసం పోరాడవలెను. రెండు జట్లలోనూ ఒక్కొక్క మోయిరా ఉండవచ్చును కూడ. రెండవది, ఆమె బలం మిగిలిన పాత్రల బలానికి మించరాదు. మించితే ఆట చెడుతుంది. మూడవది, ఆమె తన జట్టువారికి ద్రోహం చేయరాదు. ఒకరినొకరు ఎరుగని వారు కలసి ఆడే చోట తనవారిని గాయపరచే శక్తి ఇస్తే, తుంటరులు దానిని ఆటగా పెట్టుకొంటారు. అందుచేత ఆమె గుండు తనవారికి తగలదు. ఇక శత్రువును కొట్టడమంటారా, అది మంచిపాత్రలు కూడ చేసే పనే. మరి దుష్టత్వం ఎక్కడ కనబడవలెను?

సులభమైన మార్గం వేషం. ఇటువంటి ఆటలలో వేషం అలంకారం మాత్రమే కాదు, అవసరం. 2007లో వాల్వ్ సంస్థ టీమ్ ఫోర్‌ట్రెస్ 2 అనే ఆటను తెచ్చినప్పుడు దాని చిత్రకారులు ఒక క్రమాన్ని పాటించినారు. రంగును బట్టి ఎదుటివాడు తనవాడా, పరాయివాడా తెలియవలెను. నీడవంటి ఆకారాన్ని బట్టి తొమ్మిది పాత్రలలో ఎవరో తెలియవలెను. చేతిలో ఉన్న ఆయుధమేదో ఆ తరువాత తెలియవలెను. మోయిరా వేషంలో కూడ ఈ నేర్పు ఉన్నది. పొడవైన సన్నని ఆకారం, రెండు వేరు రంగుల కన్నులు, ఎడమ చేతిలో పసుపుపచ్చని వెలుగు, వాడి నరాలు తేలిన కుడి చేతిలో ఊదారంగు వెలుగు. దూరంనుండి చూచినా పొరపాటు పడము. కాని వేషం ఎంత బాగున్నా అది పాత్రను గుర్తుపట్టడానికే చాలును. నాటకంలో పాత్ర స్వభావం మాటలలో, చేతలలో తెలుస్తుంది. ఆటలో స్వభావం నియమాలలో తెలియవలెను. మోయిరాను గూర్చి విమర్శకు యోగ్యమైనది ఆమె నియమమే.

రెండు చేతులు

ఆమె ఎడమ చేయి తనవారిపై ఒక మందును చిమ్ముతుంది, గాయాలు మానుతాయి. ఈ మందుకు ఒక నిలువ ఉన్నది. చిమ్మినకొద్దీ అది తరిగిపోతుంది. కుడి చేయి శత్రువు శరీరంనుండి ప్రాణశక్తిని లాగుతుంది. అలా లాగినప్పుడు ఆమె గాయాలు కొంత మానుతాయి. ఎడమ చేతి మందు నిలువ కూడ త్వరగా నిండుతుంది. ఇవిగాక ఆమె ఒక గోళాన్ని విసరగలదు. అది గోడలకు తగిలి బంతివలె తిరిగివస్తూ పోతుంది. విసరే ముందు ప్రతిసారీ ఆటగాడు తేల్చుకోవలెను: తనవారిని మాన్పే గోళమా, శత్రువును పీల్చే గోళమా? రెండింటిలో ఒక్కటే దొరకుతుంది. ఏది విసరినా తరువాతి గోళానికి వేచి ఉండక తప్పదు.

ఈ నియమాన్ని లెక్కగా చూడండి. ఒకవైపు జమ, మరొకవైపు ఖర్చు. తనవారికి ఇచ్చే ఆరోగ్యంలో కొంత శత్రువు శరీరంనుండి వచ్చినది. ఆటగాడు కుడి చేతిని వాడుతూ, "నేను కొట్టడంకోసం కొట్టడంలేదు, మందు నింపుకోవడంకోసం కొడుతున్నాను" అని తనకు తాను చెప్పుకోవచ్చును. కథలో మోయిరా వంటి శాస్త్రజ్ఞులు చెప్పే సమాధానమూ ఇదే. గొప్ప మేలుకోసం కొంత కీడు తప్పదంటారు. ఇక్కడ రచయితలు ఆ మాటను పాత్ర నోట పెట్టి ఊరకోలేదు. దానిని ఆటగాని చేతివేళ్ళలో పెట్టినారు. ఇది మెచ్చదగిన పనితనం.

అంతకంటె మెచ్చదగినది ఒకటి ఉన్నది. కుడి చేతిని వాడకపోయినా మందు నిలువ నెమ్మదిగా తనంత తానే నిండుతుంది! అంటే శత్రువును పీల్చడం వైద్యానికి విధి కాదు. అది త్వరకు మాత్రమే ఉపాయం. హాని తప్పనిసరి అని చెప్పుకొనేవాడు నిజానికి తొందరను తప్పనిసరి చేసుకొన్నాడని ఈ నియమం చూపుతున్నది. ఫలితం ఏమైనదో ఆటగాళ్ళు ఎరుగుదురు. కుడి చేతిని గురిపెట్టడం కష్టం కాదు. పీల్చే గోళాన్ని విసరితే అంకెలు పెరుగుతవి. కొందరు ఆ రుచి మరగి, వెనుక తనవారు పడిపోతున్నా చూడక శత్రువుల వెంట పరుగెత్తుతారు. ఇటువంటివారికి "డి.పి.ఎస్. మోయిరా" అనే ఎత్తిపొడుపు పేరు పుట్టినది. ఆ అక్షరాల అర్థం సెకనుకు చేసే గాయమని. వైద్యం చేయవలసినవారు గాయాల లెక్క పెంచుకొంటున్నారని హేళన. ప్రతినాయిక దోషం ఆటగానిలోనే మొలకెత్తినది. పాత్ర నిర్మాణంలో ఇంతకంటె సాఫల్యం కోరలేము.

తొందరకు వెల

ఈ తొందర కల్పన కాదు. మోయిరా జీవిత కథలో ఆమె జీవకణాల స్థాయిలో డి.ఎన్.ఎ.ను మార్చగల పద్ధతిని గురించి ఒక పరిశోధన వ్యాసం ప్రకటించి సంచలనం కలిగిస్తుంది. ఆటలో ఆమె ప్రవేశించిన సరిగా ఏడాదికి, 2018 నవంబరులో, హీ జియాన్‌కుయ్ అనే చైనా పరిశోధకుడు జన్యువులను మార్చిన కవల శిశువులు పుట్టినారని ప్రకటించినాడు. ఆయన వాడిన క్రిస్పర్ పద్ధతిని 2012లో వెల్లడించినందుకు జెన్నిఫర్ డౌడ్నా, ఎమ్మాన్యుయెల్ షార్పెంటియేలకు 2020లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమానం లభించినది. పద్ధతి గొప్పదే. కాని ఆ శిశువుల తండ్రికి ఉన్న హెచ్.ఐ.వి. పిల్లలకు సోకకుండ చూడడానికి, జన్యువులను తాకనవసరంలేని వైద్య మార్గాలు అప్పటికే ఉన్నవి. నిలువ నెమ్మదిగా నిండుతూనే ఉన్నది, ఆయన ఆగలేదు. 2019 డిసెంబరులో చైనా న్యాయస్థానం ఆయనకు మూడేళ్ళ జైలుశిక్ష విధించినది.

ఈ పోలికతోనే ఆటలోని లోపం కూడ బయటపడుతుంది. జియాన్‌కుయ్ చేసిన పనికి వెల చెల్లించేవారు ఉన్నారు. వారు ఆ శిశువులు. వారిని ఎవరూ అడగలేదు. తల్లిదండ్రులకు ఇచ్చిన అంగీకార పత్రాలలో కూడ ఆ పనిని ఎయిడ్స్ టీకా తయారు చేసే ప్రయత్నంగా వర్ణించినారని విమర్శ వచ్చినది. మోయిరా కుడి చేతికి చిక్కినవాడో? చచ్చినా కొన్ని సెకన్లలో లేచివస్తాడు. పైగా అతడు ఆయుధం పట్టి పోరుకు వచ్చిన శత్రువు. ఖర్చు వైపు పద్దు వ్రాసినారు గాని, ఆ అప్పు తీర్చినవాడు లేడు. అందుచేత ఆమె వాదం ఆటలో ఎన్నడూ ఓడిపోదు. తనవారు ఆమెకు కృతజ్ఞతలే చెబుతారు.

కథ చేసిన పొరపాట్లు

నియమం చెప్పనిదానిని కథ చెప్పవచ్చు గదా అని మీరు అడగవచ్చును. కొంత చెప్పినది. మోయిరా ఫలితాలను ఇతర జన్యుశాస్త్రజ్ఞులు తిరిగి రాబట్టలేకపోయినారని ఆమె చరిత్రలో ఉన్నది. విజ్ఞానశాస్త్రానికి ఇది ప్రాణం వంటి విషయం. ఒకరు ఒక ప్రయోగశాలలో కనుగొన్నది, అదే విధంగా చేస్తే మరొకరికి మరొక ప్రయోగశాలలో కూడ రావలెను. రానంతవరకు అది సిద్ధాంతంగా నిలువదు. కాని ఆటలో మోయిరా మందు ప్రతిసారీ పనిచేస్తుంది. ఆమెను ఎన్నుకొన్న ప్రతి ఆటగానికీ పనిచేస్తుంది. అడ్డు చెప్పిన శాస్త్రజ్ఞులు ఇరుకు బుద్ధి కలవారనే భావం చూచేవారిలో మిగులుతుంది. సరిచూడడం అనే పని శాస్త్రంలో అసూయ కాదని విద్యార్థులకు మనమే చెప్పవలసి ఉన్నది.

ఇంకొకటి, ఆమె కుడి చేయి. తనమీద తాను చేసుకొన్న ప్రయోగాలవల్ల అది పాడైనది. చిత్రకారులు దీనిని దుష్టత్వానికి గుర్తుగా వాడుకొన్నారు. చరిత్ర చూస్తే సంగతి తారుమారుగా ఉన్నది. జన్యుశాస్త్రంలో ప్రసిద్ధుడైన జె.బి.యస్. హాల్డేన్, రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో జలాంతర్గాముల సిబ్బంది ప్రాణరక్షణకోసం, అధిక పీడనంలో శరీరానికి ఏమవుతుందో తనమీదనే పరీక్షించుకొన్నాడు; ఆ ప్రయోగాలలో దెబ్బలు తిన్నాడు. ఆయన 1957లో మన దేశానికి వచ్చి స్థిరపడి, 1964లో భువనేశ్వరంలో మరణించినాడు. నాజీ వైద్యుల విచారణ ముగిసిన 1947లో వెలువడిన న్యూరెంబర్గ్ నియమావళి పది సూత్రాలలో మొదటిది, ప్రయోగానికి లోనయ్యే వ్యక్తి స్వచ్ఛందమైన అంగీకారం. ఐదవది, మరణమో అంగవైకల్యమో కలుగుతుందని ముందే తోచే ప్రయోగం చేయరాదని చెబుతూ, వైద్యుడు తానే ప్రయోగవస్తువైన సందర్భాన్ని మాత్రం బహుశా మినహాయించవచ్చునన్నది. కాబట్టి మోయిరా శరీరంమీద పాడైన చేయి ఆమె నేరానికి గుర్తు కాదు. ఆమె నేరానికి గుర్తు ఇతరుల శరీరాలమీద ఉండవలెను.

ఇదే ఆటలో 2019 ఆగస్టులో వచ్చిన సిగ్మా అనే పాత్రను పోల్చిచూస్తే మోయిరా గుణం కొంత తెలుస్తుంది. సిగ్మా ఖగోళ భౌతికశాస్త్రజ్ఞుడు. కృష్ణబిలంపై ప్రయోగం వికటించి మతి చలిస్తుంది. దుష్టుల చేతిలో సాధనమౌతాడు. ఆయనకు చెప్పులు లేని పాదాలు ఎందుకు పెట్టినారంటే పిచ్చాసుపత్రి భావం కలగడానికని చిత్రకారులనుండి మాట వచ్చినప్పుడు విమర్శ చెలరేగినది. ఆ విమర్శ న్యాయమే. మానసిక రోగం దుష్టత్వానికి మూలం కాదు. మోయిరాకు రోగం లేదు. ఆమె తెలిసి, ఎంచి చేస్తుంది. ప్రతినాయకత్వానికి బుద్ధిపూర్వకమైన ఎంపిక ఉండవలెను. ఆ విషయంలో ఆమె మేలైన పాత్ర.

పువ్వుల వైద్యుడు

అంగీకారం మాట వచ్చినది కాబట్టి ఈ ఆటలోనే ఉన్న ఒక విచిత్రాన్ని చూడవలెను. 2023 ఏప్రిలులో లైఫ్‌వీవర్ అనే మరొక వైద్యుడు ప్రవేశించినాడు. థాయ్‌లాండు దేశస్థుడు, మృదుస్వభావుడు, పువ్వులతో వైద్యం చేసేవాడు. సందేహం లేకుండ మంచిపాత్ర. ఆయనకు ఒక శక్తి ఇచ్చినారు: దూరంగా ఉన్న తనవానిని తన వద్దకు లాగి కాపాడడం. లాగబడేవానిని అడిగే ఏర్పాటు లేదు. గెలుపు అంచున ఉన్న తమను వెనుకకు లాగివేసినారని, ఇష్టంలేని చోటికి ఈడ్చినారని ఆటగాళ్ళు మొర పెట్టుకొన్నారు.

గమనించండి. తనవారి అనుమతి లేకుండ వారి శరీరాన్ని కదిలించే శక్తి పువ్వుల వైద్యునికి ఉన్నది, ప్రతినాయికకు లేదు. మోయిరా తనవారికి వారు కోరని పని ఒక్కటికూడ చేయదు. కథ ఒకవైపు, నియమం ఒకవైపు నిలిచినవి. కథ "ఈమె చెడ్డది" అంటున్నది; నియమం "ఈమెకంటె ఆయన ఎక్కువ బలవంతపెడతాడు" అంటున్నది. మేలుచేసే ఉద్దేశంతో, నవ్వు ముఖంతో అనుమతి అడగడం మరచిపోవడమే లోకంలో ఎక్కువగా జరిగే తప్పు అని తెలియకుండానే ఈ ఆట చెప్పినది.

మనకు ఇది దూరపు సంగతి కాదు. 2009లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో 10 నుండి 14 ఏళ్ళ బాలికలకు గర్భాశయ ముఖద్వార కాన్సరును నివారించే హెచ్.పి.వి. టీకా వేసే అధ్యయనం ఒకటి జరిగినది. 2010 ఏప్రిలులో దానిని నిలిపివేసినారు. తరువాత జరిగిన విచారణలో తేలినదేమంటే, రాష్ట్రంలో చూచిన 9,543 అంగీకార పత్రాలలో 2,763 పత్రాలపై సంతకం చేసినవారు తల్లిదండ్రులు కారు, వసతిగృహాల వార్డెన్లు. 1,948 పత్రాలపై వేలిముద్రలు ఉన్నవి. 2013లో పార్లమెంటు స్థాయీసంఘం దీనిని తీవ్రంగా ఖండించినది. ఆ కాలంలో జరిగిన మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు, టీకా ఉపయోగకరమైనదే. తప్పు మందులో లేదు, అడిగిన తీరులో ఉన్నది. అక్కడ ఊదారంగు చేయి ఎవరికీ లేదు. పిల్లల మేలు కోరినవారే సంతకాలు పెట్టి ఉండవచ్చును. అటువంటి కాగితం రేపు ఏ ప్రధానోపాధ్యాయుని బల్లమీదికైనా రావచ్చును.

ఎట్లా ఉండవలసినది?

విమర్శకుడు లోపం చెప్పి తప్పుకొనరాదు. మార్గం కూడ సూచించవలెను. మోయిరా నియమాన్ని పూర్తిగా మార్చనక్కరలేదు. ఆమెకు ఒక బలమైన మందు ఇవ్వవచ్చును. తనవాని బలాన్ని కొంతసేపు పెంచి, తరువాత కొంత తగ్గించేది. తీసుకొనేవాడు ఒక మీట నొక్కి సమ్మతిస్తే మందు పని చేయవలెను. అడగకుండ ఇచ్చే మార్గం కూడ ఉండవలెను. అప్పుడు మందు త్వరగా పని చేసి, ఆ తరువాతి నష్టం రెట్టింపు కావలెను. తుంటరులు దీనిని దుర్వినియోగం చేస్తారనే ఆక్షేపణ సరియైనదే. ఆ నష్టం చావువరకు పోకుండ హద్దు పెట్టవచ్చును. అప్పుడు ప్రతినాయిక ముందున్న ప్రశ్న ఆటగాని ముందుకు వస్తుంది: బండి గమ్యానికి పది అడుగుల దూరంలో ఉన్నది, అడగడానికి సమయం లేదు, అడుగుదునా, మానుదునా? వెల చెల్లించేవాడు తన పక్కనే ఉంటాడు, "నన్ను ఎందుకు అడగలేదు?" అని నోరారా అడుగుతాడు కూడ.

ఇట్లా చేసి ఉంటే మోయిరా మరింత చెడ్డదిగా కనబడేది. ఆటగానికి మరింత మంచి ఆలోచన కలిగేది. ఇప్పుడున్న రూపంలో ఆమె సగం సత్యం చెబుతున్నది. త్వరపడే మేధకు సాకు ఎట్లా దొరకుతుందో ఆమె రెండు చేతులు చక్కగా చూపుతున్నవి. ఆ సాకుకు బదులు చెప్పవలసినవాని గొంతు మాత్రం ఆటలో లేదు.

ఉపాధ్యాయులు ఈ పాత్రను తరగతిలో ఉపయోగించుకోవచ్చును. ఆట ఎరిగిన విద్యార్థిచేత మోయిరా నియమాన్ని నల్లబల్లమీద జమాఖర్చులుగా వ్రాయించండి. మందు ఎక్కడినుండి వచ్చినది, ఎవరి ఖాతాలో తరిగినది, వేచి ఉంటే ఏమయ్యేది, ఎవరిని అడిగినారు అని నాలుగు ప్రశ్నలు వేయండి. తరువాత పత్రికలో చదివిన ఏదైనా వైద్య పరిశోధనను తీసుకొని అవే నాలుగు ప్రశ్నలు అడగమనండి. బల్లమీద కుడివైపు గడి ఖాళీగా మిగిలితే, దానిని చెరపకుండ ఉంచి, ఆ గడిలో ఎవరి పేరు ఉండవలసినదో పిల్లలనే చెప్పనివ్వండి.